ఘోషాలో బొప్పాయి చెట్లు

మా నాయనమ్మ ఉండే లోగిలికి రెండు తలుపులు. రెండింటికీ మధ్య మనిషి నిలబడేంత చీకటి నడవ. వెనక తలుపు గడియ పడ్డాకే ముందు తలుపు తీయాలి. రెండూ ఒకేసారి తెరుచుకుంటే వీధిలోవాళ్ళ చూపు లోపల పడుతుంది. ఘోషా అంటే అదీ. నాకు ఊహ తెలిసేనాటికి ఆ లోగిలిలో చూడదగ్గ వస్తువు ఒక్కటీ లేదు. వెండి వెళ్ళిపోయింది, పందిరి మంచాలు వెళ్ళిపోయాయి, అద్దాల బీరువా కూడా ఎవరి కంటా పడకుండా దుప్పటి కప్పుకుని వెళ్ళిపోయింది. తలుపుల పద్ధతి మాత్రం చెక్కుచెదరలేదు. లోపల ఏమీ లేదన్న సంగతిని మించి దాచుకోవలసింది ఇంకేముంటుంది?

అందుకే చాలా ఏళ్ళ తర్వాత గ్రేటర్ నోయిడాలో ఒక కాంట్రాక్టరు మొక్కలు పెంచడానికి చుట్టూ సన్నని వల బిగించిన వలగది కట్టి, దానికి రెండు తలుపులు ఎందుకు పెట్టాడో నాకు విడమరచి చెప్పబోతే అక్కర్లేదన్నాను.

"మొదటిది మూశాకే రెండోది తీయాలి. పురుగు దూరకూడదు. తెలుసు."

"మేడమ్ ఇంతకుముందు ఎక్కడ పనిచేశారు?" అని అడిగాడతను.

జవాబు చెప్పవలసిన ప్రశ్న కాదు గనక రెండో తలుపు గడియ లాగి చూశాను.

ఢిల్లీ అంచున మయూర్ విహార్‌లో అప్పుడప్పుడే మెట్రో స్తంభాలు లేస్తున్నాయి. నేను అక్కడ గవర్నమెంటు కట్టిన ఫ్లాట్లలో ఒక గదిలో ఉంటూ, రోజూ బస్సులో గ్రేటర్ నోయిడాలోని ఒక ప్రైవేటు కాలేజీకి వెళ్ళేదాన్ని. నేను ఉద్యోగం చేస్తున్నానని మావాళ్ళు ఎవరితోనూ అనేవారు కాదు. "ఢిల్లీలో ఉంటోంది" అనేవారు, అక్కడ నాకేదో సంస్థానం ఉన్నట్టు.

ఆ కాలేజీ చైర్మన్ ఇటుక బట్టీలతో మొదలుపెట్టి, చుట్టుపక్కల పొలాలన్నీ సెక్టార్లుగా మారిన రోజుల్లో విద్యాదాత అయిన మనిషి. ముందు ఇంజనీరింగ్ పెట్టారు, తర్వాత మేనేజ్‌మెంట్. ఎదురు కాలేజీ గేటు మీద బయోటెక్నాలజీ అన్న మాట కనిపించిన వారంలో మా గేటు మీద అంతకన్నా పెద్ద అక్షరాలతో అదే మాట వెలిసింది. ముందు బోర్డు వచ్చింది, తర్వాత గది వచ్చింది, ఆ తర్వాత నేను వచ్చాను.

ఇంటర్వ్యూలో ఆయన నా డాక్టరేట్ గురించి అడగలేదు. "ఖాందాన్?" అన్నారు. చెప్పాను. మా తాతగారి తాతగారి దగ్గర మొదలుపెట్టి, కోర్టు వ్యాజ్యాల దగ్గరికి వచ్చేముందు ఆపేశాను. చైర్మన్ కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. డబ్బు ఆయన దగ్గర కావలసినంత ఉంది. ముత్తాతలే తక్కువయ్యారు. నా దగ్గర ముత్తాతలు తప్ప ఇంకేమీ లేరు. ఉద్యోగం ఇచ్చేశారు.

నా పని బొప్పాయికి వచ్చే ఉంగరపు మచ్చల తెగులు మీద. అది వైరస్ తెగులు. పేనుబంక ఒక చెట్టు రసం పీల్చి ఇంకో చెట్టు మీద వాలితే చాలు, ఆకులు కాకి కాళ్ళలా ముడుచుకుపోతాయి, కాయల మీద ఉంగరాల్లాంటి మచ్చలు పడతాయి, తోట మొత్తం ఒక్క ఏడాదిలో కూలబడుతుంది. మందు లేదు. చెట్టుకే ఆ వైరస్‌ను గుర్తుపట్టే శక్తి ఇవ్వాలి. వైరస్ తన చుట్టూ ప్రొటీన్‌తో ఒక కోటు తొడుక్కుంటుంది. ఆ కోటు తాలూకు జన్యువులోంచి ఒక ముక్క తీసి బొప్పాయి కణంలో పెట్టి, ఆ కణాన్ని చెట్టుగా పెంచితే, వైరస్ వచ్చినప్పుడు చెట్టు దాన్ని పోల్చుకుని దాని ఆట సాగనివ్వదు. వందల కణాల్లో పెడితే ఏ ఒక్కదానికో సరిగ్గా కుదురుతుంది. నాకు కుదిరింది ఒక్కటే. దాని నుంచి నాలుగు చెట్లు వచ్చాయి. వాటి ఆకులకు తెగులు రసం నా చేత్తో పూశాను. పక్క వరసలోని మామూలు చెట్లకూ పూశాను. మామూలు చెట్లు నెల తిరగకుండా ముడుచుకుపోయాయి. నా నాలుగూ నిటారుగా నిలబడ్డాయి. నిటారుగా నిలబడేవాటిని చూస్తే నాకు ముందునుంచీ గౌరవం.

చైర్మన్‌కు ఇదంతా హిందీలో చెప్పాను.

"అంటే దుష్మన్ కోటు మన చెట్టుకు తొడిగారు!" అన్నారు.

"కోటు కాదు, కోటు కుట్టే కొలతల్లో ఒక ముక్క."

"ఏదైతేనేం, కోటే కదా. వాహ్ మేడమ్‌జీ!"

ఆ రోజు నుంచి కాలేజీకి ఎవరొచ్చినా "మా దగ్గర కోటు వేసుకున్న బొప్పాయి ఉంది, చూపిస్తా రండి" అని వెంటబెట్టుకుని వలగది దాకా వచ్చేవారు. అడ్మిషన్ల కోసం వచ్చిన తల్లిదండ్రులు, సిమెంటు డీలర్లు, ఒకసారి ఆయన వియ్యంకులు పదిమంది. జన్యువులు మార్చిన మొక్కలకు అనుమతులిచ్చే ఢిల్లీ కమిటీ మాకిచ్చిన షరతులు స్పష్టంగా ఉన్నాయి. బయటివాళ్ళు లోపలికి రాకూడదు. పువ్వులకు కాగితపు సంచులు కట్టాలి, పుప్పొడి బయటికి పోకూడదు. కాయగానీ గింజగానీ గేటు దాటకూడదు, ఎవరూ తినకూడదు. పండాక గింజలు తీసి భద్రం చేసి, మిగిలిందంతా గోతిలో కాల్చెయ్యాలి. దేంట్లో తేడా వచ్చినా అనుమతి రద్దు, చెట్లు నరికివేత. ఇవన్నీ నేను చదివి వినిపిస్తే చైర్మన్ చెయ్యి ఊపేసేవారు.

"కమిటీవాళ్ళు కూడా మనుషులే మేడమ్‌జీ. మాట్లాడుకుందాం."

గవర్నమెంటు నిబంధన అంటే ఆయన దృష్టిలో చాయ్‌తో మొదలై మిఠాయితో ముగిసే వ్యవహారం. అందుకని నేను దారి మార్చాను. వియ్యంకుల గుంపు వచ్చిన రోజు తలుపుకు అడ్డంగా నిలబడి అన్నాను:

"చైర్మన్ సాబ్, ఈ చెట్లు పర్దాలో ఉన్నాయి."

ఆయన ఆగిపోయారు. రెండు తలుపుల వంకా, వలలోంచి లీలగా కనిపిస్తున్న కాగితపు ముసుగుల పువ్వుల వంకా చూశారు. మా నాయనమ్మ లోగిలి గురించి చెప్పాను. కారు కిటికీలకు తెరలు కట్టేవారని, కలెక్టరుగారి భార్య వచ్చినా ముందు కబురంపి నడవలో ఆగవలసిందేనని చెప్పాను. ఆయన కళ్ళు మెరిశాయి. వియ్యంకుల వైపు తిరిగి, "ఖాందానీ పద్ధతి! లోపలికి ఎవరికీ ఇజాజత్ లేదు" అని ప్రకటించారు. వాళ్ళు చెప్పులు విడిచి వలగదికి దణ్ణం పెట్టి వెళ్ళారు. కమిటీ చేయలేని పని మా నాయనమ్మ చేసింది.

నా పక్క గదిలో గుంటూరు వైపు నుంచి వచ్చిన నర్సు ఉండేది. నాకన్నా పెద్దది, అక్కా అని పిలిచేదాన్ని. ఆదివారం చర్చి నుంచి వచ్చాక నా గదిలో కాళ్ళు చాపుకుని కూర్చుని మాట్లాడేది. ఈ సంగతి చెబితే పడీపడీ నవ్వింది.

"ఏంది దొరసానీ, చెట్లక్కూడా ఘోషా పెట్టావా? మా ఆస్పత్రిలో దీన్నే ఐసోలేషన్ వార్డంటారు."

"వార్డు అంటే ఆయన లోపలికి వచ్చేవాడు అక్కా. పర్దా అంటే ఆగాడు."

"జాగ్రత్తమ్మా. మీ గొప్పింటి పద్ధతులు ఆయనకి బాగా నేర్పమాక. నేర్చుకున్నోడు ఊరుకోడు, వాడతాడు."

నవ్వి ఊరుకున్నాను. పద్ధతులు పుట్టుకతో రావాలి తప్ప నేర్చుకుంటే వచ్చేవి కావని నా నమ్మకం.

ఫాల్గుణానికి నా నాలుగు చెట్ల మీద కాయలు దోర రంగుకు తిరిగాయి. ఒక్క మచ్చ లేదు. హోలీ వెళ్ళిన వారంలో కమిటీ తనిఖీకి వస్తున్నట్టు కబురొచ్చింది. వాళ్ళు సరేనంటే రెండో ఏడాది అనుమతి. ఆ గింజలు నాటవచ్చు, తర్వాతి తరానికి కూడా ఆ శక్తి దిగుతుందో లేదో చూడవచ్చు. కాదంటే మొదలంటా నరికి కాల్చడమే, గింజలతో సహా. ఆ ఒక్క కణం మళ్ళీ దొరకదు.

తనిఖీ ముందురోజు చైర్మన్ నన్ను పిలిపించారు. ఆయన మేజా మీద రంగు కాగితాలు చుట్టిన మూడు వెదురు బుట్టలు ఉన్నాయి.

"డాలీ, మేడమ్‌జీ. ముగ్గురు సాహబులు వస్తున్నారు, ముగ్గురికీ తలా ఒక బుట్ట కోటు బొప్పాయిలు. కార్లలో పెట్టించేద్దాం."

హోలీకి, దీపావళికి ఆఫీసర్ల ఇళ్ళకు డాలీ పేరుతో పళ్ళ బుట్టలు పంపడం అక్కడి ఆనవాయితీ. ఏ పండు గేటు దాటకూడదని కమిటీ ఆజ్ఞాపించిందో ఆ పండునే రంగు కాగితం చుట్టి ఆ కమిటీకే కానుక పంపాలన్న ఆలోచన మాత్రం మా చైర్మన్‌దే.

"అవి తినకూడదని చెప్పినవాళ్ళే వాళ్ళు" అన్నాను.

"చెప్పేవాళ్ళు చెబుతారు. చెట్టు మీదున్న పండు సాహబుకి ఇవ్వకపోతే మర్యాద ఏముంది?"

నిబంధనలు ఎత్తితే లాభం లేదని తెలుసు. "మా ఇంట్లో లోపలి పెరటి చెట్ల పళ్ళు ఏ దొరకూ పంపేవారు కాదు. దొరలకు పంపేవి బయటి తోటవి. లోపలివి లోపలే" అన్నాను.

చైర్మన్ కాసేపు ఆలోచించారు. ఆ ఆలోచన ముఖం నిండా పాకింది. "అందర్‌వాలా అందర్, బాహర్‌వాలా బాహర్! ఠీక్ హై. మండీ నుంచి మంచి రకం బొప్పాయిలు తెప్పించి బుట్టలు నింపిస్తా. లోపలివి ముట్టుకోను. ఖుష్?"

ఖుష్ అన్నాను. బయట దొరికే బొప్పాయి ఎవరు ఎవరికి ఇచ్చుకున్నా కమిటీకి పనిలేదు. కార్లలో పెట్టించే మాట నేను మళ్ళీ ఎత్తలేదు. ఎత్తవలసింది.

మర్నాడు ముగ్గురూ వచ్చారు. పెద్దాయన సెంట్రల్ గవర్నమెంటులో రిటైర్మెంటుకు దగ్గరపడ్డ తెలుగు ఆఫీసరు. తక్కిన ఇద్దరూ ఆయన వెనక నడిచే సభ్యులు. తలుపు తర్వాత తలుపు మూసి లోపలికి తీసుకువెళ్ళాను. కాయలన్నీ చెట్టుచెట్టుకూ లెక్కపెట్టి, ముచ్చికలు పరీక్షించి, సంచులు తడిమి చూసి తృప్తిపడ్డారు. పెద్దాయన నా వైపు తిరిగి తెలుగులోకి వచ్చారు.

"మీది ఏ ఊరమ్మా?"

చెప్పాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"ఆ ఇంటివారా! మా నాన్నగారు ఆ తాలూకాలోనే తహసీల్దారుగా చేశారు. చదువుకునే రోజుల్లో మీ ఇల్లు బయటి నుంచి చూశాను."

"అందరూ బయటి నుంచే చూశారండి" అన్నాను. నా వెన్ను దానంతట అదే ఇంకాస్త నిటారైంది. మా ఇంటిపేరు విని కళ్ళజోడు తుడుచుకునే మనుషులు ఈ భూమ్మీద ఎక్కువమంది మిగల్లేదు.

అంతా సవ్యంగా అయిందనుకుంటూ కార్ల దగ్గరికి వచ్చాం. మూడు కార్ల వెనక సీట్లలోనూ మూడు బుట్టలు. నిగనిగలాడే బొప్పాయిలు. రెండో కారు డ్రైవరు అప్పటికే ఒకటి చీల్చి బానెట్ మీద పెట్టుకుని తింటున్నాడు.

"థూకో! ఉమ్మెయ్!" అని ఒక సభ్యుడు అరిచిన అరుపుకు అతను మింగేశాడు.

పెద్దాయన మొహంలో తెలుగు పోయి గవర్నమెంటు వచ్చింది. "చైర్మన్ సాబ్, ఇవి ఎక్కడివి?"

ఒక్క మాటతో పోయేది. మండీవి అంటే చాలు. కానీ అతిథి చేతిలో పెట్టిన పండు బజారులో కొన్నదని పదిమందిలో ఎలా అంటాడు మనిషి? చైర్మన్ గుండె మీద చెయ్యి వేసుకున్నారు.

"అజీ, ఘర్ కీ హైఁ! మా సొంత తోటవి."

ముగ్గురూ మొహాలు చూసుకున్నారు. వలగదిలో కాయల లెక్క సరిపోయింది. కాబట్టి ఇవి ఆ చెట్లవి కావు. అయితే లేబొరేటరీలోంచి మొక్కలే ముందు బయటికి పోయి ఇంకెక్కడో తోటగా పెరుగుతున్నాయి. వాళ్ళకు తోచింది అదే, వాళ్ళ స్థానంలో ఉంటే నాకూ అదే తోచేది.

"ఎక్కడుంది ఆ తోట?"

"ఫార్మ్‌హౌస్‌లో."

"పదండి, చూద్దాం."

ఆ ఫార్మ్‌హౌస్‌లో గేదెలు తప్ప ఏమీ లేవని కాలేజీలో అందరికీ తెలుసు. చైర్మన్ నిండైన గాంభీర్యంతో అన్నారు:

"అది కుదరదు సాహబ్. అది లోపలి తోట. పర్దా ఉంది. బయటివాళ్ళకు ఇజాజత్ లేదు. ఖాందానీ ఇళ్ళ రివాజు, కావాలంటే మేడమ్‌జీని అడగండి."

అందరూ నా వైపు చూశారు. అక్క చెప్పిన మాట నిజం. నేర్చుకున్నవాడు ఊరుకోలేదు.

పెద్దాయన నన్ను వేపచెట్టు కిందికి తీసుకువెళ్ళారు. "అమ్మా, నేను ఇంకేం చేయలేను. తోట చూపించనంటున్నాడు. అనుమతి రద్దు చేసి ఆ నాలుగు చెట్లూ ఇవాళే నరికించాలి. మీరు చెప్పేది ఏమైనా ఉందా?"

"ఆ పళ్ళు మండీలో కొన్నవండి. నిన్న నా ఎదుటే చెప్పాడు."

"మండీలో కొన్నానంటే అతని సొమ్మేం పోయింది? కొన్నవాడు కొన్నానని చెప్పక, నేరం నెత్తిన వేసుకుంటాడా ఎవడైనా? నమ్మమంటారా?"

ఎవరైనా వేసుకుంటారు. ఎందుకు వేసుకుంటారో నాకు తెలుసు. ఆ ఆవరణలో తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. కానీ చెప్పాలంటే, మా ఇంటిని ఇంకా బయటి నుంచే చూస్తున్న ఈ ఒక్క మనిషికి రెండు తలుపులూ ఒకేసారి తెరవాలి. వలగది వంక చూశాను. వల వెనక నాలుగు చెట్లు నీడల్లా కనిపించాయి.

"వేసుకుంటారండి" అన్నాను. "మా తోట అప్పులవాళ్ళకు పోయాక కూడా మా నాన్నగారు ఏటా ఊళ్ళోని ఆఫీసర్ల ఇళ్ళకు మామిడిపళ్ళ బుట్టలు పంపేవారు. పళ్ళు పక్క ఊరి సంతలో కొనేవారు. సంత బుట్టల్లోని గడ్డి తీసేసి, మా పెరట్లోని మామిడాకులు పరిచి, పైన రెండు రెమ్మలు పెట్టి, మా తోటవని చెప్పించేవారు. ఆ ఆకులు కోసింది నేనే. ఒకసారి ఎవరో తోట చూడటానికి వస్తామంటే, ఆడవాళ్ళు ఉన్నారు, ఘోషా అని చెప్పించారు. అచ్చం ఇప్పుడు ఈయన చెప్పినట్టే. ఆ రోజు నాన్నగారి మీద దొంగతనం మోపినా ఒప్పుకునేవారు గానీ సంతలో కొన్నానని మాత్రం అనేవారు కాదు."

హిందీ దేశం నడిమధ్యన తెలుగులో చెప్పాను కాబట్టి చైర్మన్ పరువు మాత్రం ఆయన దగ్గరే ఉంది. పోయింది మాది.

పెద్దాయన కళ్ళజోడు తీశారు. తర్వాత ఆయన భుజాలు కదిలాయి. ఏడుస్తున్నారేమో అనుకున్నాను. నవ్వుతున్నారు.

"మా ఇంటికీ వచ్చేవమ్మా ఆ బుట్టలు. మా అమ్మకు తెలుసు. ఆకులు ఒక చెట్టువి, పళ్ళు ఇంకో రకానివి."

"తెలిసి ఎందుకు తీసుకున్నారు?"

"తీసుకోకపోతే మీ నాన్నగారు ఏమనుకుంటారు? బదులుగా మేం అరటి గెల పంపేవాళ్ళం, మా పెరటిదని. తహసీల్దారు క్వార్టర్స్‌కి పెరడు ఎక్కడిదమ్మా? అదీ సంతదే."

చిన్నప్పుడు మేం ఆ అరటిపళ్ళను ఎంత మర్యాదగా తిన్నామో గుర్తొచ్చింది. నాకు నవ్వు రాలేదు. మాకు నవ్వడం అంత త్వరగా రాదు.

ఆయన కళ్ళజోడు పెట్టుకుని చైర్మన్ దగ్గరికి నడిచారు. "చైర్మన్ సాబ్, మీ తోట పళ్ళు బ్రహ్మాండంగా ఉన్నాయి. కానీ ఈ ఆవరణలో కనిపించిన ప్రతి బొప్పాయినీ కాల్చాలన్నది రూలు. పోతే రిపోర్టులో మాత్రం, అతిథుల కోసం బయట కొన్న పళ్ళు అని రాయాల్సి వస్తుంది. రసీదు ఒకటి జత చేయించండి. ఫార్మాలిటీ."

చైర్మన్ మొహం వెలిగిపోయింది. "రాయడానికేముంది సాహబ్, ఏం కావాలంటే అది రాసుకోండి. కాగితమే కదా!"

మండీ రసీదు ఐదు నిమిషాల్లో వచ్చింది. నోటితో అనలేని నిజానికి కాగితం మీద సంతకం పెట్టడానికి ఆయనకు ఏ అభ్యంతరమూ లేకపోయింది. మూడు బుట్టలూ రంగు కాగితాలతో సహా గోతిలో కాలాయి. మింగేసిన డ్రైవరును ఏం చేయాలో రూల్సులో లేదు గనక వదిలేశారు. రెండో ఏడాది అనుమతి ఇచ్చి కార్లు ఎక్కారు.

దుమ్ము సద్దుమణిగాక చైర్మన్ నా పక్కకు వచ్చారు. "చెట్టు కింద మీ భాషలో అంతసేపు ఏం మాట్లాడారు మేడమ్‌జీ?"

"మా ఇంటి నుంచి వాళ్ళింటికి వెళ్ళే మామిడిపళ్ళ గురించి."

"అచ్ఛా! మీ తోటవి?"

"కాదు. సంతవి" అన్నాను. హిందీలోనే, ఆయనకు అర్థమయ్యేలా. రెండోసారి చెప్పడం మొదటిసారంత కష్టం కాదు.

చైర్మన్ నా వంక భక్తిగా చూసి తల ఊపారు. "బడే లోగ్! ఎంత గొప్పవాళ్ళైతే అంత తగ్గి మాట్లాడతారు."

ఎన్నిసార్లు చెప్పినా ఆయన నమ్మలేదు. కాసేపటికి నేనూ మానేసి, దోరకాయలు కోసి గింజలు తీయడానికి లోపలికి వెళ్ళాను.